ఇంటి స్విమ్మింగ్ పూల్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా పూల్ 26 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు, సగటున నాలుగుంపావు అడుగుల లోతు. కార్తీకమాసంలో మనవలు వస్తారని, టైల్స్ రుద్దించడానికి అక్టోబరు నెలాఖరులో నీళ్లన్నీ తోడించేశాం. రెండోరోజు పొద్దున చూస్తే లోతు వైపు గచ్చు ఉబ్బింది. గోడ వారన వేలు దూరేంత సందు పడింది. మేస్త్రి సిమెంటు తక్కువ వేశాడంటారా?
– ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: మేస్త్రిని అనేముందు ఒకసారి మీ పెరటి నూతిలోకి తొంగిచూడండమ్మా. వానాకాలం చివర, కాలువలు నిండుగా పారే రోజుల్లో, డెల్టాలో నేల కింద నీరు బాగా పైకి వచ్చి ఉంటుంది. పూల్ నిండా నీళ్లున్నంతకాలం ఆ బరువు గచ్చును అదిమిపట్టి ఉంచుతుంది. నీళ్లు తోడెయ్యగానే కింది నీరు పూల్‌ను పడవలా పైకి తోస్తుంది.

మీ కొలతలతోనే లెక్క చూడండి. గోడల మందం కలుపుకుంటే పూల్ అడుగు దాదాపు 35 చదరపు మీటర్లు. కింది నీటి మట్టం గచ్చు అడుగుకన్నా ఒక్క మీటరు పైన ఉన్నా, పైకి తోసే బలం 35 టన్నులు. ఆరంగుళాల గచ్చు, ఆరంగుళాల గోడలైతే కాంక్రీటు మొత్తం బరువు పాతిక టన్నుల చుట్టూ ఉంటుంది. సిమెంటు ఎంత బాగా వేసినా ఈ తేడాను అది ఆపలేదు. పూల్ మొత్తంగా లేవకపోతే, బలహీనంగా ఉన్నచోట గచ్చు ఉబ్బుతుంది. మీకు జరిగింది బహుశా అదే.

ఇప్పుడు టైల్స్ పగలగొట్టించకండి. ముందు స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించండి. ఆయన సరేనంటే మెల్లగా నీళ్లు నింపి బరువు సమం చేయండి. రిపేరు మాత్రం కాలువలు కట్టేసిన మే నెలలో, నూతి నీరు బాగా దిగాకే.

ఇకపై ఖాళీ చేయాల్సి వస్తే పూల్ పక్కన, గచ్చుకన్నా రెండడుగులు లోతుగా, చిల్లులు పెట్టిన నాలుగంగుళాల పీవీసీ పైపు దించించండి. చుట్టూ కంకర పోసి, మట్టి చొరబడకుండా ఫిల్టర్ బట్ట చుట్టించాలి. పైపులోకి టేపు వదిలితే కింది నీరు ఎక్కడుందో తెలుస్తుంది. నీరు గచ్చు అడుగుకన్నా పైన ఉంటే పూల్ ఖాళీ చేయకూడదు, అంతే. కొత్తగా కట్టుకునేవారు పూల్ అడుగున ఉండే మెయిన్ డ్రెయిన్ గుంటలో హైడ్రోస్టాటిక్ వాల్వ్ పెట్టించుకోండి. కింది ఒత్తిడి పెరిగితే అది తెరుచుకుని భూగర్భ జలాన్ని పూల్లోకి వదిలేస్తుంది. దాని కింద 20 మి.మీ. సైజు కంకర పొర లేకపోతే మన బంకమట్టి కొన్నాళ్లకు దాన్ని పూడ్చేస్తుంది.

అసలు టైల్స్ రుద్దడానికి ఖాళీ చేయక్కర్లేదు. నీళ్లలోనే బ్రష్ కొట్టి, వాక్యూమ్ పట్టి, ఒక్కో విడతకు మూడోవంతు నీళ్లు మారిస్తే చాలు.

ప్రశ్న: రాజోలు దగ్గర పల్లెలో ఇల్లు కడుతున్నాం. పెరట్లో చిన్న పూల్ అనుకుంటున్నాం. ఎవరెవరి అనుమతులు కావాలి?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: ఇంటి ప్లాన్‌లోనే పూల్‌ను, పంపు గదిని, ప్రహరీ నుంచి వాటి దూరాన్ని చూపించి, ఇంటితోపాటే అనుమతి తీసుకోండి. కట్టేశాక అడగడం కన్నా ఇదే తేలిక. పూల్ కోసం కొత్తగా బోరు వేయిస్తే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తప్పనిసరి. కాలువలో మోటారు పెట్టి తోడుకోవాలంటే జలవనరుల శాఖ అనుమతి లేకుండా కుదరదు. మీ స్థలం సముద్రపు పోటు గీతకు 500 మీటర్ల లోపు ఉన్నా, పోటూ పాటూ తగిలే పాయ ఒడ్డున ఉన్నా, కోస్తా నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు వర్తిస్తాయా అన్నది పునాది తీయకముందే తేల్చుకోండి.

కరెంటు విషయంలో మాత్రం రాజీ పడకండి. పని లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుతోనే చేయించాలి. పంపు లైనుకు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాలి. నీళ్లలోని దీపాలకు 12 వోల్టులే ఉండాలి, వాటి ట్రాన్స్‌ఫార్మరు పూల్‌కు దూరంగా గోడకుండాలి. నిచ్చెన, పట్టుకునే రాడ్లు, పంపు బాడీ అన్నీ ఒకే ఎర్తు తీగకు కలపాలి. పసిపిల్లలున్న ఇంట్లో చుట్టూ కనీసం నాలుగడుగుల కంచె, వదిలితే తనంతట మూసుకునే గేటు ఉండాలి. ఈ ఖర్చు దగ్గర వెనకాడేవాళ్లు పూల్ కట్టుకోకపోవడమే మంచిది.

ప్రశ్న: మా అబ్బాయి ఇళ్లలో పూల్స్ శుభ్రం చేసే పని మొదలుపెట్టాడు. లైసెన్సు చూపించమని ఒకాయన అడిగారట. ఆ లైసెన్సు ఎక్కడిస్తారు?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: పూల్ క్లీనింగ్‌కంటూ మన రాష్ట్రంలో విడిగా లైసెన్సు లేదు. వ్యాపారానికి మునిసిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, దుకాణం గానీ ఆఫీసు గానీ తెరిస్తే 1988 నాటి షాపులు, సంస్థల చట్టం కింద అవసరమైతే కార్మిక శాఖలో నమోదు, సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ. మోటారు వైరింగు విప్పే పని మాత్రం లైసెన్సున్న కాంట్రాక్టరు మనుషులకే వదిలేయమనండి.

అడిగినాయన ఆందోళన కూడా న్యాయమైనదే. లైసెన్సు లేనిచోట నమ్మకం ఇచ్చేది లెక్కల పుస్తకం. మీ అబ్బాయి ప్రతి ఇంట్లో ఒక నోటు పుస్తకం ఉంచి, వెళ్లిన ప్రతిసారీ పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం), ఫ్రీ క్లోరిన్ (పనికొచ్చే క్లోరిన్), ఫిల్టర్ గేజి ఒత్తిడి, ఏ మందు ఎన్ని గ్రాములు వేశాడో రాసి సంతకం పెట్టాలి. వారానికోసారి ఆల్కలినిటీ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే గుణం), నెలకోసారి హార్డ్‌నెస్ (నీటి కాఠిన్యం), సైన్యూరిక్ ఆమ్లం (ఎండ నుంచి క్లోరిన్‌ను కాపాడేది) చూసి రాయాలి. పూల్ నీటి నాణ్యతకు ఐఎస్ 3328 అనే భారతీయ ప్రమాణం ఉంది, అది దగ్గరుంచుకోమనండి. రోజువారీగా పట్టుకోవాల్సిన హద్దులు ఇవి: పీహెచ్ 7.2 నుంచి 7.8, ఫ్రీ క్లోరిన్ లీటరుకు 1 నుంచి 3 మి.గ్రా., ఆల్కలినిటీ 80 నుంచి 120 మి.గ్రా. పరీక్షల కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు, మీ ఊళ్లో రొయ్యల చెరువుల నీళ్లు చూసే ల్యాబుల్లోనే ఆల్కలినిటీ, హార్డ్‌నెస్ చెబుతారు.

బ్లీచింగ్, ట్రైక్లోరో (మెల్లగా కరిగే క్లోరిన్) మాత్రలు ఎప్పుడూ కలపకూడదు. ఒకదాంట్లో ముంచిన గరిటె రెండోదాంట్లో పెట్టినా మంటో పేలుడో రావచ్చు. క్లోరిన్ మందు మీద యాసిడ్ పడితే విషవాయువు వస్తుంది. యూరియా బస్తాలు, డీజిల్ ఉన్న షెడ్డులో బ్లీచింగ్ దాచవద్దు.

ప్రశ్న: బోరు నీళ్లు తేటగా ఉన్నాయని పూల్ నింపాం. బ్లీచింగ్ వేసిన గంటకే నీళ్లు టీ రంగుకు తిరిగాయి. బ్లీచింగ్ కల్తీదా?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: కల్తీ కాదు, అది మీ బోరులోని ఇనుము. నేల కింద గాలి తగలక కరిగి ఉంటుంది గనుక నీళ్లు తేటగా కనిపిస్తాయి. క్లోరిన్ తగలగానే తుప్పుగా మారి బయటపడుతుంది. లీటరుకు 0.3 మి.గ్రా. దాటితే టైల్స్ మీద మరకలు మొదలవుతాయి.

ఒక రోజంతా పంపు తిప్పి, క్లోరిన్ 2 దగ్గర నిలపండి. ఇనుమంతా బయటికి వచ్చేయాలి. 40 వేల లీటర్ల పూల్‌కు 800 గ్రాముల పటిక బకెట్ నీళ్లలో కరిగించి అంతటా చల్లండి. వాల్వ్‌ను రీసర్క్యులేట్‌లో పెట్టి, అంటే నీరు ఫిల్టర్ ఇసుకలోకి వెళ్లకుండా, గంటసేపు తిప్పి ఆపేయండి. మర్నాటికి తుప్పంతా గచ్చు మీద గోధుమరంగు దూదిలా పేరుకుంటుంది. బ్రష్ కొట్టారో మళ్లీ లేస్తుంది. వాల్వ్‌ను వేస్టులో పెట్టి, వాక్యూమ్ తలను అడుగడుగునా మెల్లగా జరుపుతూ బయటికి లాగేయండి. పటిక ఆల్కలినిటీని 10 మి.గ్రా. దాకా తినేస్తుంది, దానికి బదులుగా 670 గ్రాముల వంటసోడా వేయండి. వరదల రోజుల్లో ఎర్రనీళ్లు పట్టుకున్నా ఇదే పద్ధతి. మన పెద్దలు బిందెలో చిల్లగింజ అరగదీసిందీ ఈ పనికే.

ప్రశ్న: ఆరు నెలలుగా రోజూ క్లోరిన్ మాత్రలు వేస్తున్నాం. క్లోరిన్ చూసే కిట్‌లో ముదురు పసుపు వస్తోంది. అయినా నీళ్లు పచ్చబడ్డాయి, కళ్లు మండుతున్నాయి.
– ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: పసుపు రంగు చూపే కిట్ ఆర్థోటోలిడిన్ అనే రసాయనంతో పనిచేసేది. అది పనికొచ్చే క్లోరిన్‌నూ, చెమట, మూత్రాలతో కలిసి చచ్చిన క్లోరిన్‌నూ కలిపి చూపిస్తుంది. కళ్లు మండించేది ఆ రెండోదే. గులాబీ రంగు చూపే డీపీడీ కిట్ కొనండి.

ఇక మాత్రల సంగతి. ట్రైక్లోరో మాత్ర కరిగినప్పుడల్లా సైన్యూరిక్ ఆమ్లం మిగులుతుంది. 10 మి.గ్రా. క్లోరిన్‌కు 6 మి.గ్రా. చొప్పున. రోజుకు 2 మి.గ్రా. క్లోరిన్ వేస్తే నెలకు 36 చేరుతుంది. 30 నుంచి 50 వరకైతే ఎండకు క్లోరిన్ నశించకుండా కాపాడుతుంది, 100 దాటితే క్లోరిన్‌నే కట్టిపడేస్తుంది. మీరు నీళ్లు మార్చకుండా ఉంటే ఈపాటికి 200 దగ్గరుంటుంది. దీనికి మందు లేదు, నీళ్లు మార్చడమొక్కటే. మొదటి జవాబులో చెప్పినట్టు కింది నీరు చూసుకుని, మూడోవంతు చొప్పున మూడు నాలుగు విడతలుగా మార్చండి.

తర్వాత పీహెచ్‌ను 7.4కు దించండి. 7.5 దగ్గర క్లోరిన్‌లో సగమే పనిచేస్తుంది, 8 దగ్గర పావువంతే. 40 వేల లీటర్లకు 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ 620 గ్రాములు పొద్దుగూకాక ప్లాస్టిక్ బకెట్‌లో కలిపి పోసి, రాత్రంతా పంపు తిప్పండి. క్లోరిన్ 3కు దిగేదాకా ఎవరూ దిగకూడదు. ఆపైన రోజుకు 62 గ్రాములు వేస్తే క్లోరిన్ 1 మి.గ్రా. పెరుగుతుంది. 33 శాతం బ్లీచింగైతే 120 గ్రాములు, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే పోయండి.

ప్రశ్న: ఫిల్టర్ బ్యాక్‌వాష్ నీళ్లు, అంటే ఫిల్టర్‌ను తిరగతోడి కడిగిన నీళ్లు, మా చేపల చెరువులోకి వదలొచ్చా?
– ఒక పాఠకుడు, ఆకివీడు

జవాబు: వద్దు. చెరువులోకీ వద్దు, పంట కాలువలోకీ వద్దు. గేజి ఒత్తిడి శుభ్రమైనప్పటికన్నా 8 పీఎస్‌ఐ పెరిగినప్పుడు మూడు నిమిషాల బ్యాక్‌వాష్‌కు 350 లీటర్ల దాకా పోతాయి. వాటిని ఒక గుంటలో రెండు మూడు రోజులు ఎండకు వదిలి, క్లోరిన్ సున్నా అని కిట్‌లో చూశాక కొబ్బరి పాదులకు పెట్టండి.