అరిసేగ్ దీవుల మధ్యకు కయాక్‌లో వెళ్లే ముందు

చిరంజీవి అబ్బాయికి పిన్ని ఆశీస్సులు.

వచ్చే నెలలో ఎడిన్‌బరా నుంచి స్కాట్లాండ్ పడమటి తీరంలోని అరిసేగ్ వెళ్లి, ఒక పగలంతా చిన్న దీవుల మధ్య కయాక్, అంటే తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ, నడపాలని ఉందనీ, ఏ శనివారమైతే మంచిదనీ అడిగావు. అన్నిటికంటే ముందు చెప్పవలసిన మాట ఒకటి ఉంది. రోజును నీ సెలవును బట్టి కాక, ఆటుపోట్లను బట్టి ఎంచుకో.

అరిసేగ్ ఊరి ముందున్న సముద్రపు పాయ మొగలో చిన్న చిన్న రాతి దిబ్బలు చెదిరినట్లు పడి ఉంటాయి. వాటిని అక్కడ స్కెర్రీలు అంటారు. పోటు నిండుగా ఉన్నప్పుడు వాటిలో చాలా భాగం మునిగిపోయి, పడమటి అలలు అడ్డు లేకుండా లోపలికి వస్తాయి. ఆటు వేళ నీరు వెనక్కి తీసినప్పుడు అవే రాళ్లు గోడలా పైకి లేచి అలలను ఆపుతాయి కాబట్టి, వాటి నడుమ నీరు చెరువులా నిలుస్తుంది, గవ్వల పొడితో తెల్లబడిన ఇసుక అడుగున కనిపిస్తుంది. అందుచేత నీరు పూర్తిగా తీయడానికి సుమారు రెండు గంటల ముందు ఒడ్డు వదిలి, ఆ రాళ్ల మధ్య తిరిగి, పోటు మొదలయ్యాక దాని వెంటే వెనక్కి రావాలి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు అక్కడ నీటిమట్టంలో తేడా నాలుగు మీటర్లు దాటుతుంది, కొన్ని దారులు పూర్తిగా ఎండిపోయి పడవను మోసుకుపోవలసి వస్తుంది. అష్టమి, నవమి దాటిన రోజులలో ఆ తేడా బాగా తగ్గుతుంది, కొత్తవారికి అవే అనుకూలం. తిథి తెలిసినా వేళ కోసం ఆటుపోట్ల పట్టిక చూడక తప్పదు. పట్టిక గ్రీన్‌విచ్ కాలంలో ఉంటే, వేసవిలో దానికి ఒక గంట కలుపుకోవాలి.

గాలి విషయంలో నేను ఒకసారి తప్పు చేశాను. ఒడ్డున నీరు అద్దంలా ఉందని నమ్మి బయలుదేరాను. గాలి తూర్పు నుంచి, అంటే నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తోందని ఆలోచించలేదు. వెళ్లేటప్పుడు నలభై నిమిషాలు పట్టిన దూరం, తిరిగి రావడానికి రెండు గంటలకు పైగా పట్టింది. అందుకే ముందు రోజు రాత్రీ, ఆ ఉదయమూ బ్రిటన్ వాతావరణ సంస్థ మెట్ ఆఫీస్ ఇచ్చే తీరజలాల సూచనలో ఆర్డ్‌నమర్కన్ పాయింట్ నుంచి కేప్ రాత్ వరకు ఉన్న భాగాన్ని చూడు. గాలి బలాన్ని తెలిపే బ్యూఫోర్ట్ కొలతలో 3 దాటితే, మొదటిసారి వెళ్లేవాడివి కాబట్టి ప్రయాణం మానుకో. తూర్పు గాలి అయితే 3 కూడా నాకు ఎక్కువే అనిపిస్తుంది.

వేసవిలో సైతం అక్కడి నీరు పదమూడు, పద్నాలుగు డిగ్రీలు మించడం అరుదు. పడవ తిరగబడిన మొదటి నిమిషంలో చలి దెబ్బకు ఊపిరి అదుపు తప్పుతుంది. ఆ కాసేపు ఈదే ప్రయత్నం చేయకుండా, పడవను గట్టిగా పట్టుకుని శ్వాస నిలదొక్కుకోవాలి. నూలు బట్టలు వద్దు. నీరు లోపలికి చొరని డ్రై సూట్ అద్దెకు తీసుకో, లోపల ఉన్ని వేసుకో, తేలియాడే జాకెట్‌ను ఒడ్డు చేరేదాకా విప్పకు. ఈసారికి ఒక గైడు వెంట వెళ్లు. పడవ నుంచి బయటపడి తిరిగి ఎక్కడం లోతులేని నీటిలో నేర్చుకున్నాకే బయటి రాళ్ల దాకా పోవచ్చు.

నీరు తీసిన వేళ రాళ్ల మీద సీల్‌లు పడుకుని ఉంటాయి. జూన్, జూలై నెలలలో పిల్లలు కూడా ఉంటాయి. అవి తలలెత్తి నీ వైపు చూడడం మొదలుపెడితే, నువ్వు అప్పటికే దగ్గరికి వచ్చేశావని అర్థం. తిన్నగా వాటి మీదికి వెళ్లకుండా పక్కకు తప్పుకో. ప్రభుత్వం గుర్తించిన వాటి విశ్రాంతి స్థలాలలో వాటిని కావాలని బెదరగొట్టడం స్కాట్లాండ్ 2010 నాటి సముద్ర చట్టం ప్రకారం నేరం. నాకైతే చట్టం లేకపోయినా ఆ తల్లులను నీళ్లలోకి తరమాలనిపించదు.

తిండికి పులిహోర కట్టుకోకు, ఆ చలిలో అన్నం గట్టిపడుతుంది. చపాతీలు, ఫ్లాస్కులో వేడి టీ చాలు. దక్షిణాన ఏదైనా ఇసుక మీద దిగి, ఎగ్, రమ్ దీవులను చూస్తూ తిను.

ఫోన్‌ను నీరు చొరని సంచిలో పెట్టి, పడవలో కాకుండా ఒంటి మీదే ఉంచుకో. ఎక్కడ దిగుతున్నావో, ఎన్నింటికి తిరిగి వస్తావో ముందు రోజే నాకు రాసి పంపు. నువ్వు చెప్పిన వేళ దాటి గంటైనా కబురు రాకపోతే, నేను అత్యవసర నంబరు 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్‌ను అడుగుతాను. కాబట్టి ఒడ్డెక్కగానే, బట్టలు మార్చుకోవడానికి ముందే నాకు ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
పిన్ని