తిలాపాపం తలా పిడికెడు: బ్యాంకు చట్టాలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: అమెరికా కాంగ్రెస్‌లో డెమోక్రాట్లు, రిపబ్లికన్లు దేనిమీదా కలవరు. బ్యాంకుల నిబంధనలు సడలించే బిల్లు వస్తే మాత్రం కలిసి ఓటేస్తారు. ఇద్దరికీ నచ్చిందంటే మంచి బిల్లే కదా? మీరు అనుమానంగా రాస్తారెందుకు?

జవాబు: ఇద్దరూ ఓటేశారంటే, రేపు బెడిసికొట్టినప్పుడు నిలదీయడానికి ఎవరూ మిగలరని కూడా అర్థం. 1982 నాటి గార్న్–సెయింట్ జర్మేన్ చట్టం పేరులోనే రెండు పార్టీలూ ఉన్నాయి. జేక్ గార్న్ యూటా రిపబ్లికన్, ఫెర్నాండ్ సెయింట్ జర్మేన్ రోడ్ ఐలండ్ డెమోక్రాట్. ఎక్కువగా ఇళ్ల అప్పులే ఇస్తూ వచ్చిన సేవింగ్స్ అండ్ లోన్ సంస్థలకు ఆ చట్టం వ్యాపార రుణాల తలుపు బార్లా తీసింది. అధిక వడ్డీల దెబ్బకు అవి అప్పటికే కుదేలై ఉన్నాయి. మూసేయాల్సిన వాటి చేతికి పేకముక్కలిచ్చినట్టయింది. 1986–1995 మధ్య 1,043 సంస్థలు మూతపడ్డాయి. పన్ను కట్టేవాళ్ల మీద పడిన భారం సుమారు 124 బిలియన్ డాలర్లు.

మామూలు బ్యాంకులు, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులు, బీమా కంపెనీలు ఒకే గొడుగు కిందికి రావచ్చన్న గ్రామ్–లీచ్–బ్లైలీ చట్టం 1999లో సెనేట్‌లో 90–8, ప్రతినిధుల సభలో 362–57 ఓట్లతో గట్టెక్కింది. 2008 సంక్షోభానికి దీన్నే దోషిగా నిలబెట్టడం అలవాటైపోయింది కానీ, అది సగం నిజమే. బేర్ స్టెర్న్స్, లేమన్ బ్రదర్స్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులు, వాషింగ్టన్ మ్యూచువల్ ఇళ్ల అప్పుల సంస్థ. ఆ చట్టం లేకపోయినా వాటి వ్యాపారం అదే. అంతకన్నా అనుమానించాల్సింది 2000 డిసెంబరు నాటి కమోడిటీ ఫ్యూచర్స్ మోడర్నైజేషన్ చట్టాన్ని. భారీ వ్యయ బిల్లుకు తోకలా తగిలించి దాన్ని దాటించారు. బ్యాంకులు తమలో తాము రాసుకునే స్వాప్ ఒప్పందాలు దాంతో దాదాపుగా నియంత్రణ బయటికి పోయాయి. బీమా కంపెనీ ఏఐజీ తగినంత సొమ్ము పక్కన పెట్టకుండా క్రెడిట్ డిఫాల్ట్ స్వాప్‌లు (అప్పు ఎగవేతకు బీమాలాంటి ఒప్పందాలు) అమ్ముకుంటూ పోయింది ఈ సందులోంచే. 2008 సెప్టెంబరు 16న అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) దానికి 85 బిలియన్ డాలర్ల అప్పు ప్రకటించాల్సి వచ్చింది.

ప్రశ్న: బ్యాంకుల నిబంధనలు సడలించిన 2018 చట్టం చిన్న బ్యాంకుల కోసమే అన్నారు. 2023లో సిలికాన్ వ్యాలీ బ్యాంకు (ఎస్‌వీబీ) కూలడానికీ దానికీ నిజంగా సంబంధం ఉందా, లేక అదంతా రాజకీయమా?

జవాబు: ఉంది, అయితే విమర్శకులు చెప్పినంత సూటిగా లేదు.

2010 నాటి డాడ్–ఫ్రాంక్ చట్టం ప్రకారం ఆస్తులు 50 బిలియన్ డాలర్లు దాటిన ప్రతి బ్యాంకు మీదా అదనపు నిఘా ఉండాలి. 2018 మే 24న సంతకమైన చట్టం ఆ గీతను 250 బిలియన్లకు జరిపింది. 100–250 మధ్య ఉన్నవాటిని ఎంత గట్టిగా పట్టుకోవాలో ఫెడరల్ రిజర్వ్‌కు వదిలేసింది. చిన్న బ్యాంకుల సెక్షన్లు ఆ చట్టంలో వేరే ఉన్నాయి. 10 బిలియన్ల లోపు వాటికి వోల్కర్ నిబంధన (బ్యాంకులు సొంత లాభం కోసం షేర్ల లాంటివాటి మీద పందెం కాయకూడదన్నది) నుంచి మినహాయింపు, మూలధనం లెక్కకు తేలిక పద్ధతి లాంటివి. వాటితో మాకు పేచీ లేదు. చిన్న బ్యాంకు లేని నియోజకవర్గం ఉండదు కాబట్టి, ఆ పేరు చెబితే ఏ పార్టీ సభ్యుడికైనా కాదనడం కష్టం. వాటి భుజం మీద తుపాకీ పెట్టి 200 బిలియన్ల బ్యాంకులు కాల్చుకున్నాయి. గీత పెంచమని 2015లోనే సెనేట్ బ్యాంకింగ్ కమిటీని అడిగినవారిలో ఎస్‌వీబీ సీఈఓ గ్రెగ్ బెకర్ ఒకరు.

సెక్షన్ 401లో ఒక్క మాట చూడండి. బ్యాంకులను బట్టి నిబంధనల్లో తేడా చూపే విషయంలో పాత చట్టం ఫెడ్‌కు ‘మే’ అంది, అంటే చూపవచ్చు. కొత్త చట్టం దాన్ని కొట్టేసి ‘షల్’ అని రాసింది, చూపి తీరాలి. నిన్నటిదాకా సడలించాలంటే ఫెడ్ కారణం చెప్పుకోవాలి. ఇప్పుడు సడలించకపోతే చెప్పుకోవాలి. అలాగే 100–250 మధ్య బ్యాంకులకు స్ట్రెస్ టెస్ట్ (గడ్డుకాలం వస్తే తట్టుకోగలవా అన్న పరీక్ష) ‘ఏటా’ అన్నది ‘పీరియాడిక్’ (కొంతకాలానికోసారి) అయింది. ఎన్నేళ్లకోసారో చట్టంలో లేదు. 2019లో ఫెడ్ దాన్ని రెండేళ్లకోసారిగా ఖరారు చేసింది.

ఎస్‌వీబీ ఆస్తులు 2017 చివరికే 50 బిలియన్లు దాటాయి, 2021 చివరికి 211 అయ్యాయి. పాత గీతే ఉంటే ఆ పరుగు మొదలయ్యేలోపే గట్టి నిఘా కిందికి వచ్చేది. అదనపు లిక్విడిటీ (అడగ్గానే చెల్లించగల సొమ్ము) నిబంధనలు పాతవే కొనసాగి ఉంటే 2022 డిసెంబరు నాటికి దానికి సుమారు 9 శాతం లోటు కనిపించేదని 2023 ఏప్రిల్ 28న వెలువడిన ఫెడ్ నివేదిక లెక్కకట్టింది.

రెండో వైపు కూడా చెప్పాలి. బ్యాంకును ముంచింది వడ్డీలు తక్కువగా ఉన్నప్పుడు కొన్న దీర్ఘకాల బాండ్లు. వడ్డీలు పెరిగేసరికి వాటి విలువ పడిపోయింది. గడువుదాకా ఉంచుకుంటామని వేరే ఖాతాలో పెట్టిన వాటి మీద 2022 చివరికి సుమారు 15 బిలియన్ల నష్టం పేరుకుంది. వాటాదారుల సొమ్ము మొత్తం దాదాపు 16 బిలియన్లే. ఈ ఖాతాలోని నష్టాన్ని మూలధనంలోంచి తీసేయాలన్న నిబంధన అతిపెద్ద బ్యాంకులకు కూడా లేదు. పైగా 2022 స్ట్రెస్ టెస్ట్ ఊహించింది వడ్డీలు సున్నా దగ్గరే ఉండే గడ్డుకాలాన్ని. ఆ పరీక్ష పెట్టినా ఎస్‌వీబీ పాసయ్యేదేమో! కాబట్టి 2018 చట్టం నిప్పు పెట్టలేదు, కావలివాణ్ని తప్పించింది. 2023 మార్చి 9న ఒక్కరోజే డిపాజిటర్ల సొమ్ము 42 బిలియన్లు బయటికి పోయింది, మర్నాటికి మరో 100 బిలియన్లు వెనక్కి తీసుకోడానికి వరసలో ఉన్నాయి.

ప్రశ్న: కొత్త బిల్లు వచ్చినప్పుడు లాయర్ కాని మనిషి ఏం చూడాలి?

జవాబు: పేరు చూడకండి. 2018 బిల్లు పేరులో ఆర్థికాభివృద్ధి, వినియోగదారుల రక్షణ రెండూ ఉన్నాయి. కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో బిల్లు పాఠం తెరిచి ‘బిలియన్’ అని, డాలర్ గుర్తు అని వెతకండి. గీతలన్నీ బయటపడతాయి. ‘స్ట్రైకింగ్’ (కొట్టేసి), ‘ఇన్సర్టింగ్’ (చేర్చి) అని ఉన్న ప్రతిచోటా పాత చట్టాన్ని పక్కన పెట్టుకుని చదవాలి. విడిగా చదివితే ఆ వాక్యాలకు అర్థమే ఉండదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

తర్వాత బిల్లుల ఖర్చు లెక్కకట్టే కాంగ్రెషనల్ బడ్జెట్ ఆఫీస్ అంచనా చూడండి. 2018 బిల్లుతో పెద్ద బ్యాంకు కూలే అవకాశం కొద్దిగా పెరుగుతుందని ఓటింగుకు ముందే అందులో రాసి ఉంది. సెనేట్ 67–31తో ఆమోదించింది. చివరగా తీపిపూత ఎక్కడుందో చూడండి. జనం అప్పుల చరిత్ర దాచే ఈక్విఫాక్స్ కంపెనీలో డేటా చోరీ తర్వాత అందరూ కోరుకున్న ఉచిత క్రెడిట్ ఫ్రీజ్ (మన పేరుమీద వేరేవాళ్లు అప్పు తీసుకోకుండా తాళం) ఆ బిల్లులోనే వచ్చింది. మంచిదే, కానీ దానికి 250 బిలియన్ల గీతతో పనేముంది?

ప్రశ్న: 2025లో వచ్చిన స్టేబుల్‌కాయిన్ల (డాలర్ లాంటి కరెన్సీ విలువకు కట్టిన డిజిటల్ నాణేల) జీనియస్ చట్టం కూడా ఈ కోవలోదేనా?

జవాబు: పూర్తిగా కాదు. నిబంధనలు సరిగా లేనిచోట కొన్ని పెట్టింది. అయితే నాణేలకు హామీగా ఉంచే నిల్వలో కొంత సొమ్ము బ్యాంకు డిపాజిట్‌గా ఉండొచ్చు. ఎస్‌వీబీలో నిల్వ సొమ్ము 3.3 బిలియన్లు ఇరుక్కున్నప్పుడు, డాలరుండాల్సిన యూఎస్‌డీసీ అనే స్టేబుల్‌కాయిన్ ధర 90 సెంట్ల కిందికి జారింది.

ప్రశ్న: ఇవన్నీ సరే, నా డబ్బు సంగతేమిటి?

జవాబు: డిపాజిట్లకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఐసీ బీమా ఒక్కో బ్యాంకులో, ఒక్కో యాజమాన్య వర్గానికి (సొంత ఖాతా, ఉమ్మడి ఖాతా లాంటివి), మనిషికి 2,50,000 డాలర్లు. భార్యాభర్తలకు చెరో సొంత ఖాతా, ఒక ఉమ్మడి ఖాతా ఉంటే ఒకే బ్యాంకులో మొత్తం 10 లక్షల దాకా కవరవుతుంది. బ్రాంచీలు మారిస్తే లాభం లేదు. ఒకే బ్యాంకు రెండు బ్రాండ్ల పేర్లతో నడిచినా బీమా ఒక్కటే. అందుకే ఎఫ్‌డీఐసీ సర్టిఫికెట్ నంబరు చూసుకోండి.

బ్యాంకు ఆరోగ్యం చూడాలంటే ప్రతి మూడు నెలలకూ అది దాఖలు చేసే కాల్ రిపోర్ట్ ఉచితంగా దొరుకుతుంది. ఆర్‌సీ–ఓ షెడ్యూల్‌లో బీమా లేని డిపాజిట్ల అంచనా ఉంటుంది, బిలియన్ డాలర్ల ఆస్తి దాటిన బ్యాంకులు దాన్ని ఇవ్వాలి. ఆర్‌సీ–బీలో గడువుదాకా ఉంచుకునే బాండ్ల మొత్తం వరుస వెతకండి. ‘ఏ’ నిలువులో లెక్కల్లోని ధర, ‘బీ’లో మార్కెట్ విలువ. ‘ఏ’లోంచి ‘బీ’ తీసేసి, వచ్చినదాన్ని ఆర్‌సీ షెడ్యూల్‌లోని మొత్తం ఈక్విటీ (వాటాదారుల సొమ్ము) పక్కన పెట్టి పోల్చండి. ఎస్‌వీబీకైతే 2023 మార్చికి ముందే ఆ రెండు అంకెలూ దాదాపు సమానంగా కనిపించేవి.