బిగోనియా పూయకపోతే బోరాక్స్ వేస్తారా?

ప్రశ్న: సంక్రాంతికి కొన్న బిగోనియా ఉగాది దాకా గుత్తులుగా పూసింది. ఎండలు ముదిరాక బాల్కనీ నుంచి తీసి హాల్లో టీవీ పక్కన పెట్టాం. వానాకాలం సగం అయిపోయినా పువ్వు లేదు. ఆకులు చిన్నగా, గుండ్రంగా, మైనం పూసినట్టు మెరుస్తుంటాయి. మొక్క గుబురుగానే ఉంది. కానీ అడుగు ఆకుల అంచులు మాడుతున్నాయి, అరకొరగా వచ్చిన మొగ్గలు రాలిపోతున్నాయి. మా ఊళ్లో కొబ్బరికి వచ్చినట్టు బోరాన్ లోపమేమో అని 8 అంగుళాల కుండీకి ఒక చెంచా బోరాక్స్ వేశాం. షాపులో అడిగితే డీఏపీ, పూత టానిక్, ఇమిడాక్లోప్రిడ్ ఇచ్చారు. వారం వారం వాడుతున్నాం. ఇంకేం కొట్టాలి?
– ఒక గృహిణి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: ఇంకేమీ కొట్టకండి. మీ మొక్కకు జబ్బు లేదు, బోరాన్ లోపం అసలే లేదు. బోరాన్ తక్కువైతే ముందు దెబ్బతినేది చిగురు. మీ మొక్కకు చిగురు బాగుంది, మాడుతున్నవి అడుగు ఆకుల అంచులు. అది బోరాన్, ఎరువుల ఉప్పు ఎక్కువైన లక్షణం. లోపం ఉన్న పొలానికే ఎకరాకు సుమారు 4 కిలోల బోరాక్స్ చెబుతాం. ఆ లెక్కన మీ కుండీకి చిటికెలో పదో వంతు కూడా ఎక్కువే. మీరు చెంచా వేశారు.

పూయకపోవడానికి కారణం వెలుతురు. మీరు చెప్పిన ఆకులను బట్టి ఇది మైనపు బిగోనియా. తగిన వెలుతురు, మరీ వేడి లేని వాతావరణం ఉంటే దాదాపు ఏడాదంతా పూసే రకం. వేసవిలో నీడకు మార్చడం మంచి పనే, తిరిగి బయట పెట్టకపోవడమే తప్పు. చీకటి మూలన ఉన్న మొక్కకు నత్రజని దండిగా అందితే ఆకులే వస్తాయి.

ముందు మట్టి మార్చండి. పాత మట్టి మొత్తం పారేసి, వేర్లను మంచినీటితో మెల్లగా కడిగి, 6 అంగుళాల కుండీలో నాటండి. బిగోనియాకు పెద్ద కుండీ పనికిరాదు, అడుగున తడి నిలిచి వేరు కుళ్లుతుంది. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) 2 పాళ్లు, ఎర్రమట్టి, వర్మీకంపోస్టు, ఇసుక ఒక్కో పాలు కలపండి. కోకోపీట్‌ను రెండు మూడు నీళ్లు మార్చి కడగాలి, దానిలోనూ ఉప్పు ఉంటుంది. ఇసుక అంటే ఏటి ఇసుక. విశాఖలో ఈ మాట విడిగా చెప్పక తప్పదు, బీచ్ ఇసుక తెచ్చి కలిపేవాళ్లను చూస్తూనే ఉన్నాం.

మొక్క తేరుకున్నాక, సుమారు 10 రోజులకు, ప్రతి కొమ్మనూ మూడో వంతు కత్తిరించండి. కణుపుకు కాస్త పైన కోయాలి. పక్క కొమ్మలు వస్తాయి, పూత వాటి మీదే. కుండీని తూర్పు బాల్కనీకి చేర్చండి. మొదటి వారం నీడలోనే ఉంచి, తర్వాత ఉదయం 9 గంటల లోపు ఎండ 2 నుంచి 3 గంటలు తగలనివ్వండి. మధ్యాహ్నపు ఎండ, సముద్రం వైపు ఈదురుగాలి నేరుగా తగలకూడదు.

నీళ్లు రోజూ పోయొద్దు. వేలు పెట్టి చూసి, పైన అంగుళం మట్టి ఆరితేనే పోయండి, కింది పళ్లెంలో నిలిచినవి పారబోయండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కుళాయి నీళ్లో వాన నీళ్లో వాడండి. ఆకుల మీద చల్లొద్దు. మన ఉక్కపోతలో ఆకుమచ్చ తెగులును పిలిచి కూర్చోబెట్టినట్టే.

మట్టి మార్చాక 4 వారాలు ఏ ఎరువూ వద్దు. తర్వాత 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) లీటరుకు 1 గ్రాము కలిపి, తడి మట్టిలో కుండీకి 200 మిల్లీలీటర్లు, 15 రోజులకు ఒకసారి పోయండి. ఈ కుండీకి డీఏపీ మళ్లీ వద్దు.

ఇక షాపు మందుల సంగతి. పురుగు ఉందని మీరు ఎక్కడా రాయలేదు, మరి ఇమిడాక్లోప్రిడ్ దేనికి? ఇంటి లోపల, పిల్లలు తిరిగే హాల్లో, వారం వారం పురుగుమందు ఏమిటి? పూత టానిక్ డబ్బా మీద ఏముందో చదివారా? వాటిలో కొన్నింటిలో నైట్రోబెంజీన్, కొన్నింటిలో జిబ్బరెల్లిక్ ఆమ్లం ఉంటాయి. రెండోది కాడను సాగదీస్తుంది. అడిగినవాడికి ఏదో ఒక డబ్బా అమ్మడం షాపువాడి వ్యాపారం. మొక్క ఎక్కడ పెట్టారని అతను అడిగాడా? పిండినల్లి కనిపిస్తే లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి, బాల్కనీలో సాయంత్రం పూట కొట్టండి. కనిపిస్తేనే.

కత్తిరించిన 6 నుంచి 8 వారాల్లో మొగ్గ రావాలి. అప్పుడు కొన్ని పువ్వులు నిండుగా ఉండగానే రాలితే కంగారు పడకండి. బిగోనియాలో ఒకే మొక్కకు మగ, ఆడ పూలు విడిగా వస్తాయి. రేకుల వెనుక మూడు రెక్కల కాయలాంటిది ఉంటే ఆడ పువ్వు. అది లేనిది మగ పువ్వు, తొందరగా రాలుతుంది.

కత్తిరించిన కొమ్మలు పారేయకండి. 3 అంగుళాల ముక్కలుగా చేసి, అడుగు ఆకులు తీసి, తడి కోకోపీట్‌లో నీడన గుచ్చండి. బోరాక్స్ తిన్న తల్లి మొక్క ఒకవేళ తేరుకోకపోయినా ఇవి ఉంటాయి.