షుగర్ సంగతి వాళ్లకెలా తెలిసింది?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. రొయ్యల చెరువులు చేస్తాను. నాలుగేళ్లుగా ఇంటిల్లిపాదికీ 5 లక్షల హెల్త్ పాలసీ కడుతున్నాను. పోయిన నెల ఊళ్లో ఉచిత వైద్య శిబిరంలో రక్తం చూసి షుగర్ ఉందన్నారు. వారం తిరక్కముందే ఫోన్లు మొదలయ్యాయి: ‘మీకు షుగర్ అంట కదా సార్, పాత పాలసీ పనికిరాదు, మాది తీసుకోండి’ అని. డేటా చట్టం వచ్చింది కదా, షుగర్ సంగతి రాయకుండా కొత్తది తీసుకోవచ్చా?

జవాబు: ముందు పాత పాలసీ వదలకండి. పాలసీ తీసుకున్నాకే షుగర్ బయటపడింది కాబట్టి, దానివల్ల ఆసుపత్రిలో చేరినా పాత పాలసీ పనికొస్తుంది. షుగర్ వచ్చిందని రెన్యువల్ ఆపరు. కొత్త పాలసీలో అయితే అది ‘ముందునుంచి ఉన్న జబ్బు’ అయిపోతుంది, మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అన్నాళ్లూ ఆ జబ్బు ఖర్చు ఇవ్వరు. పైగా 60 నెలలు విడవకుండా కట్టిన పాలసీలో, మోసం రుజువైతే తప్ప, ‘అప్పట్లో చెప్పలేదు’ అంటూ క్లెయిమ్ కొట్టేయకూడదు. మీరు ఆ గట్టుకు ఏడాది దూరంలో ఉన్నారు. ఫోన్ చేసినవాడు ఇవేవీ చెప్పడు, కొత్తది అమ్మితేనే అతనికి కమిషన్.

ఇక దాచిపెట్టడం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెప్పేది, మీరు ఏ పనికి వివరాలిచ్చారో ఆ పనికే వాడాలని. పాలసీ కోసం నింపే ప్రపోజల్ ఫారంలో జబ్బు దాచుకునే హక్కు అందులో లేదు. దాచినా, ఆసుపత్రి కేస్ షీట్‌లో డాక్టరు ‘షుగర్ ఇన్నాళ్లుగా ఉంది’ అని ఒక్క ముక్క రాస్తే క్లెయిమ్ అక్కడే ఆగుతుంది.

మీ సంగతి ఎలా పొక్కిందో నేను తేల్చలేను. కానీ శిబిరాల్లో టేబుల్ మీద రిజిస్టరు చూసే ఉంటారు: పేరు, వయసు, ఫోన్ నంబరు, పక్క గడిలో షుగర్ రీడింగ్. ఎవరైనా ఆ పేజీ ఫొటో తీయడానికి రెండు సెకన్లు చాలు. కాగితం మీద ఉన్నంతవరకు ఈ చట్టం దాని జోలికి రాదు, అమ్మకాల కోసం ఫోన్‌లోకి ఎక్కిందంటే మాత్రం వస్తుంది. మనమూ తక్కువేం కాదు. ఆధార్, పాన్, రక్తపరీక్ష రిపోర్టు అన్నీ ఏజెంటు వాట్సాప్‌కు పంపేసి మర్చిపోతాం.

చట్టం నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల మీద పడే అసలు బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే దాకా ఆగాలి. డేటాకు భద్రత పాటించకపోతే 250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చు, కానీ అది ఖజానాకే, మీకు పైసా రాదు. అందుకని ఈలోపు చేతనైంది చేయండి. మళ్లీ ఫోన్ వస్తే కంపెనీ పేరు, నంబరు ఎక్కడిదో అడిగి రాసుకోండి. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల నంబరు 155255. అడ్డగోలు కాల్స్ ఆపడానికి 1909.

ఇంకొకటి. రెన్యువల్ తేదీ ఎప్పుడో ఇవాళే చూసుకోండి. రొయ్యల పట్టుబడి డబ్బు చేతికొచ్చాక కడదాంలే అని చాలామంది, తేదీ దాటాక ఇచ్చే గ్రేస్ 30 రోజుల మీద ఆధారపడతారు. సంవత్సరానికోసారి కట్టే పాలసీకి ఆ రోజుల్లో ఆసుపత్రిలో చేరితే ఖర్చు మన జేబులోంచే.