ఒకటో తారీఖు జీతం ఆగకూడదు: ఫౌండేషన్ కొత్త కార్యదర్శికి లేఖ

విజయవాడ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మన ఫౌండేషన్ కార్యదర్శి బాధ్యతను నీకు అప్పగిస్తూ ధర్మకర్తలు తీర్మానం చేసిన రోజున నేను సభలో రెండు మాటలు మాత్రమే చెప్పగలిగాను. పన్నెండేళ్ళు ఆ పని చూసినవాడిగా నీకు చెప్పవలసినవి ఇంకా చాలా ఉన్నాయి కనుక తీరికగా కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మనం సొంతంగా బడి గానీ ఆసుపత్రి గానీ నడపడం లేదు. ఊరివాళ్ళు ఇచ్చిన డబ్బును ఒకచోట చేర్చి, పేటల్లో, కాలనీల్లో పనిచేసే చిన్న స్వచ్ఛంద సంస్థలకు అందిస్తున్నాం. ఈ పద్ధతికి వందేళ్ళు దాటాయి. 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో ఫ్రెడరిక్ గోఫ్ అనే బ్యాంకరు, ఆ ఊరి దాతల సొమ్మును ఒకే నిధిగా కూర్చి, దాన్ని ఎక్కడ ఖర్చు చేయాలో ఆ ఊరి పౌరుల సంఘమే తేల్చేలా ఏర్పాటు చేశాడు. బ్యాంకులో ముప్పై ఏళ్ళు పనిచేసిన నాకు అందులో నచ్చింది ఒకటే. డబ్బు ఉన్న ఊరిలోనే నిర్ణయం కూడా ఉంటుంది. సింగ్ నగర్‌లో ఏమి జరుగుతోందో తెలుసుకోవడానికి మనం ఎవరికీ ఫోన్ చేయనక్కరలేదు, ఆటో ఎక్కితే చాలు.

ఆ ఆటో ఎక్కడంలో నేను ఒకసారి ఆలస్యం చేశాను. ముందుగా ఆ సంగతి చెబుతాను.

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు వాగు గట్టుకు గండ్లు పడి సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ మునిగిపోయాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైన రోజులవి. సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గర పడవలు ఎక్కి జనం ఇళ్ళకు వెళ్ళి వచ్చారు. ఎదుగుదల లోపం ఉన్న పిల్లల కోసం అక్కడ ఒకావిడ పగటి కేంద్రం నడుపుతున్నారు. నీళ్ళు తీసిన తరువాత నేను వెళ్ళేసరికి, మేడ మీద బట్టలు ఆరేసుకునే తాళ్ళకు హాజరు పుస్తకాల కాగితాలు క్లిప్పులతో వేలాడుతున్నాయి. నీలం సిరా కరిగి పక్క వరుసలోకి పాకింది. ఆవిడ ఒక్కొక్క కాగితాన్ని ఎండకు ఎత్తి పట్టుకుని, కనబడిన మేరకు పిల్లల పేర్లను కొత్త పుస్తకంలోకి ఎక్కిస్తున్నారు. కింద గదిలో పిల్లలు పట్టుకుని నడక నేర్చుకునే ఇనుప కడ్డీలకు మోకాలి ఎత్తు వరకు బురద అట్టకట్టి ఉంది. దాన్ని కడగడానికి ఇంకా ఎవరికీ తీరిక దొరకలేదు. హాజరు లెక్క అందితే తప్ప మూడో వాయిదా విడుదల కాదని ఆ కేంద్రానికి సాయం చేస్తున్న ఒక కంపెనీ రాసిందట. ఇంతకూ నా చేతిలో ఏముందో తెలుసా అమ్మా? వరద సాయం కోరేవారు నింపవలసిన మన ఫౌండేషన్ దరఖాస్తు, 14 పేజీలు. ఆవిడ దాన్ని చూసి ఏమీ అనలేదు. కుర్చీ తుడిచి నన్ను కూర్చోమన్నారు.

ఆ రోజు నుంచి కష్టకాలంలో దరఖాస్తు అడగడం మానేశాను. వెళ్ళి మూడు ప్రశ్నలు అడిగేవాడిని. ఎన్ని నెలల జీతాలకు డబ్బు చేతిలో ఉంది? అద్దె ఎప్పటివరకు కట్టారు? రావలసిన డబ్బు ఎక్కడ ఆగింది? ఈ మూడింటికీ జవాబులు తెలిస్తే ఎంత ఇవ్వాలో, ఎప్పుడు ఇవ్వాలో తొంభై పాళ్ళు తేలిపోతుంది. మిగిలినది ఆ సంస్థ బ్యాంకు పాసుపుస్తకం చెబుతుంది. ఆ కేంద్రానికి రెండు నెలల జీతాలు ఆ వారంలోనే పంపించాం. ధర్మకర్తలతో ఫోన్లో మాట్లాడి ఒప్పించి, తరువాతి సమావేశంలో తీర్మానం రాయించాం. అలా ప్రతిసారీ ఫోన్ల మీద ఆధారపడటం మంచిది కాదని, ఇద్దరు ధర్మకర్తల సంతకంతో మూడు నెలల జీతాల మేరకు కార్యదర్శి వెంటనే మంజూరు చేయవచ్చునని తరువాత నియమం పెట్టుకున్నాం. ఆ నియమాన్ని వాడుకోవడానికి వెనుకాడవద్దు. అది అలమరలో దాచుకోవడానికి రాసింది కాదు.

జీతాల గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, దాతలు ఎక్కువమంది వస్తువులకు ఇస్తారు, మనుషులకు ఇవ్వరు. కుట్టుమిషను కొనిస్తారు, కంప్యూటరు ఇప్పిస్తారు, వాటి పక్కన ఫొటో దిగుతారు. కుట్టు నేర్పే టీచరమ్మ జీతం మాత్రం ఎవరి పద్దులోనూ ఉండదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తిన తరువాత కుర్రవాడిగా నేను అవనిగడ్డ వైపు పనికి వెళ్ళాను. రోడ్డు పక్కన పాత బట్టలు గుట్టలుగా పడి ఉండేవి. ఏడాది గడిచాక కూడా అక్కడ మిగిలి పనిచేసిన సంస్థలు ఏవంటే, తమ కార్యకర్తకు నెల నెలా నాలుగు రాళ్ళు ఇవ్వగలిగినవే. మన డబ్బులో సగానికి తక్కువ కాకుండా జీతాలకు, అద్దెకు, కరెంటు బిల్లుకు వెళ్ళాలని నేను పట్టుబట్టేవాడిని. దీనిమీద ధర్మకర్తల్లో కొందరితో నాకు వాదం జరిగేది. నీకూ జరుగుతుంది. తగ్గవద్దు.

ఇక క్యాలెండరు విషయం. చిన్న సంస్థలకు ఏటా ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు గడ్డుకాలం. కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ పద్దులు ఖరారై, ఒప్పందాలు కుదిరి, మొదటి వాయిదా చేతికి వచ్చేసరికి చాలాచోట్ల సగం ఏడాది గడిచిపోతుంది. అది మూడేళ్ళ సగటు కనుక ఒక చెడ్డ సంవత్సరం దెబ్బ ఆ తరువాతి మూడేళ్ళ లెక్కల్లోనూ కనబడుతుంది. కాబట్టి మన వాయిదా ఏప్రిల్ 10 లోపల వెళ్ళాలి. మార్చిలోనే తీర్మానం చేయించు. వచ్చే ఏడాది ఎంత ఇవ్వగలమో ముందే రాసి ఇవ్వు. అంకె చిన్నదైనా ఫరవాలేదు. ఖాయమైన 2 లక్షలు చేతిలో ఉన్న సంస్థ, వస్తాయో రావో తెలియని 10 లక్షల కోసం ఎదురుచూసే సంస్థ కన్నా నిబ్బరంగా పనిచేయడం నేను చాలాసార్లు చూశాను.

దెబ్బ ఎక్కడో దూరం నుంచి కూడా తగులుతుంది. 2025 జనవరిలో అమెరికా తన విదేశీ సాయాన్ని నిలిపివేసినప్పుడు హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం నడుస్తున్న మిత్ర్ క్లినిక్ మూతపడింది. తరువాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ క్లినిక్‌గా మళ్ళీ తెరుచుకుంది. ఆ మధ్యలో గడిచిన వారాలు చూడు. అలాంటి వారాలకే మనం ఉన్నాం. మన సంస్థల్లో దేనికైనా మొత్తం డబ్బులో సగానికి మించి ఒకే దాత దగ్గర నుంచి వస్తుంటే, ఆ పేరు పక్కన ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకో. ఆ సంస్థ పెద్దలతో ఏడాదికి రెండుసార్లయినా కూర్చుని మాట్లాడు.

మన ఊరి పిల్లలు డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఉన్నారు కదా, వాళ్ళను అడుగుదామని అందరూ నీకు చెబుతారు. అడుగు, కానీ ముందు పాస్‌పోర్టు ఏ దేశానిదో కనుక్కో. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్న తరువాత, విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపినది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేని మనం అందులో ఒక్క రూపాయి కూడా ముట్టుకోకూడదు. ఆ చట్టానికి 2020లో చేసిన సవరణ తరువాత విదేశీ విరాళం పుచ్చుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు ఇవ్వడానికి వీలు లేదు. అంటే అనుమతి ఉన్న పెద్ద సంస్థ ద్వారా మనకు మళ్ళించుకుందామనే ఆలోచన కూడా కుదరదు. ప్రేమతో పంపినవారికి ఈ మాట చెప్పడం కష్టంగా ఉంటుంది. అయినా చెప్పాలి. పాస్‌పోర్టు నకలు తీసుకుని రసీదు ఫైలులో పెట్టుకో.

పన్ను లెక్కలో ఒక మెలిక ఉంది. 2023 ఆర్థిక చట్టం వచ్చాక మనం మరో ట్రస్టుకు 100 రూపాయలు ఇస్తే, ధర్మకార్యానికి ఖర్చు చేసినట్టుగా 85 రూపాయలే లెక్కలోకి వస్తాయి. ఏటా ఆదాయంలో 85 శాతం ఖర్చు చూపవలసిన మనకు ఇది భారమే. ఫిబ్రవరిలోనే ఆడిటర్‌తో కూర్చుంటే మార్చి నెలాఖరున కంగారు ఉండదు. మనం సాయం చేసే ట్రస్టు మూలనిధికని ఇచ్చినది అసలు లెక్కలోకే రాదు కనుక అలా ఇవ్వవద్దు. మనం ఎంపిక చేసిన ప్రతి సంస్థ పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్ గడువు ఏ తేదీతో ముగుస్తుందో ఒక పుస్తకంలో రాసి, ఎనిమిది నెలల ముందే వారికి గుర్తుచేయి. అన్నం వండి పెట్టే మనిషికి ఆదాయపు పన్ను పోర్టల్ చూసే తీరిక ఉండదు. పన్ను మినహాయింపు పోతే దాతలూ పోతారు.

నివేదిక రెండు పేజీలు చాలు. ఏమి చేశారు, ఏది కుదరలేదు, ఎంత మిగిలింది. రెండో ప్రశ్నకు నిజం రాసినందుకు ఎవరి వాయిదా ఆపవద్దు. ఒకసారి ఆపితే మళ్ళీ ఎవరూ నిజం రాయరు. ఒక సంస్థకు సాయం ఆపవలసి వస్తే ఆరు నెలల ముందు, ఎదురుగా కూర్చుని చెప్పు. ఉత్తరంలో చెప్పే మాట కాదది.

డబ్బు సేకరణ గురించి నీకు ఎక్కువ చెప్పనక్కరలేదు, నీకు మాట నేర్పు ఉంది. వన్‌టౌన్ వర్తకులు, ఆటోనగర్ షెడ్ల యజమానులు, డాక్టర్లు పెద్ద మొత్తం ఒకేసారి ఇస్తామన్నప్పుడు, దాన్ని నెలవారీగా బ్యాంకు ద్వారా ఇవ్వమని బతిమాలు. నగదు రూపంలో 2,000 రూపాయలు దాటితే ఆ విరాళం మీద వారికి ఆదాయపు పన్ను మినహాయింపు వర్తించదని కూడా ముందే చెప్పు. రసీదు వారం లోపల చేరాలి.

గడువుల పుస్తకం ఆఫీసు అలమరలో పై అరలో ఉంది, ఆకుపచ్చ అట్ట. అందులో మూడు సంస్థల పక్కన ఎర్ర గుర్తు ఉంది. వచ్చే శనివారం ఉదయం తొమ్మిదింటికి నువ్వు సిద్ధంగా ఉంటే, ముందు సింగ్ నగర్ కేంద్రానికి, అక్కడి నుంచి మిగతా రెండు చోట్లకు కలిసి వెళ్దాం. ఆవిడకు నిన్ను పరిచయం చేసి వస్తాను.

శుభాభినందనలతో,
మీ మాస్టారు గారి స్నేహితుడు, పెదనాన్న వంటివాడు