జింక కొమ్ముల జట్టు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అన్నా, నేను శ్రీసిటీలో ఒక జపాన్ కంపెనీలో పని చేస్తా, ఇల్లు తిరుపతిలోనే. మా లైన్ చూసే జపాన్ ఆయన కొన్ని సోమవారాలు మెడలో ముదురు ఎరుపు టవల్ వేసుకుని వస్తాడు, దాని మీద జింక కొమ్ముల బొమ్మ ఉంటుంది. అది వేసుకొచ్చాడంటే జట్టు గెలిచిందని లెక్క, ఆ రోజు మాకెవరికీ టెన్షన్ ఉండదు. ఊరు పేరు అడిగితే కషిమా అన్నాడు. టోక్యో తెలుసు, ఒసాకా తెలుసు, ఈ ఊరెక్కడిది? చిన్న ఊరికి అంత పెద్ద జట్టు ఎట్లా వచ్చింది?
(కొర్లగుంట, తిరుపతి)

తమ్ముడూ, ఆ టవల్ కషిమా యాంట్లర్స్ అనే ఫుట్‌బాల్ జట్టుది. యాంట్లర్స్ అంటే జింక కొమ్ములు. కషిమా అన్న మాటలోనే జింక ఉంది, అక్షరాల ప్రకారం 'జింకల దీవి' అని అర్థం. టోక్యోకి తూర్పున, ఇబరాకి అనే ప్రాంతంలో, పసిఫిక్ సముద్రం ఒడ్డున ఉంటుంది, టోక్యో నుంచి బస్సులో సుమారు రెండు గంటలు. అక్కడ చాలా పాత గుడి ఒకటుంది, కషిమా జింగూ. అందులో కొలువైన దేవుడు తకెమికజుచి. జింకలు ఆయనకు ప్రీతి. ఆయన కషిమా నుంచి తెల్ల జింకనెక్కి నారా నగరానికి వెళ్ళాడని అక్కడి ఐతిహ్యం, ఇప్పుడు నారాలో తిరిగే జింకలను ఆ జింక సంతతిగానే భావిస్తారు. బ్రహ్మోత్సవాల్లో ఏ రోజు ఏ వాహనమో చిన్నప్పటి నుంచి తెలిసిన మన ఊరివాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కొత్త బండి కొంటే మనం అలిపిరికి తీసుకెళ్ళి పూజ చేయించినట్టే, యాంట్లర్స్ ఆటగాళ్ళు కూడా సీజన్ మొదట్లో ఆ గుడికి వెళ్ళి గెలుపు కోసం మొక్కుకుంటారు.

జట్టు మాత్రం ఆ ఊళ్ళో పుట్టలేదు. 1947లో సుమితోమో మెటల్ అనే ఉక్కు కంపెనీ ఉద్యోగుల జట్టుగా ఒసాకాలో మొదలైంది. 1960ల్లో కషిమా దగ్గర ఇసుక తీరాన్ని తవ్వి పెద్ద రేవు కట్టారు, పక్కనే ఉక్కు ఫ్యాక్టరీ వచ్చింది, 1975లో కంపెనీ జట్టును కూడా అక్కడికే మార్చింది. ఫ్యాక్టరీ అయితే వచ్చింది కానీ ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుర్రాళ్ళకి డ్యూటీ దిగాక పోవడానికి ఒక చోటంటూ లేదు. జట్టు కూడా రెండో డివిజన్‌లోనే ఉండేది.

అప్పుడు జె.లీగ్ అని జపాన్‌లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ వస్తోందని తెలిసి మేమూ చేరతామన్నారు. లీగ్‌కి పెద్దగా ఉన్న సబురో కవాబుచి, 15,000 మంది పట్టే, పైకప్పున్న స్టేడియం కడితే తప్ప 99.9999 శాతం కుదరదని చెప్పేశాడు. నలభై యాభై వేల జనాభా ఉన్న ఊరికి ఆ మాట చెబితే ఎవరైనా మర్యాదగా వద్దన్నారనే అనుకుంటారు. వీళ్ళు మాత్రం మిగిలిన ఆ 0.0001 శాతాన్ని పట్టుకున్నారు. స్టేడియం లేచింది, చుట్టూ రన్నింగ్ ట్రాక్ లేకుండా, అచ్చంగా ఫుట్‌బాల్ కోసమే కట్టింది. 1993 మే 16న, అంటే లీగ్ మొదలైన మర్నాడే, అక్కడ తొలి లీగ్ మ్యాచ్ ఆడి నగోయా జట్టును 5-0తో ఓడించారు. ఆ నగోయాలో ఇంగ్లండ్ పేరు మోసిన ఆటగాడు గ్యారీ లినేకర్ ఉన్నాడు. కషిమా తరఫున మూడు గోల్స్ కొట్టింది నలభై ఏళ్ళ బ్రెజిల్ ఆటగాడు జీకో. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా వీళ్ళు ఒక్కసారి కూడా కింది డివిజన్‌కి దిగలేదు. నాకు ఈ జట్టంటే ఇంత ఇష్టం ఉండటానికి ఆ స్టేడియం కథే కారణం.

జీకో అంటే గోవా జట్టుకి కోచ్‌గా చేసిన ఆయనేనా సార్?
(శ్రీకాళహస్తి)

ఆయనే. ఇండియన్ సూపర్ లీగ్‌లో 2014 నుంచి 2016 దాకా ఎఫ్.సి. గోవాకి కోచ్. బ్రెజిల్ తరఫున మూడు ప్రపంచ కప్‌లు ఆడి, ఆట మానేసి, ఆ దేశానికి క్రీడల మంత్రిగా కూడా చేసి, 38 ఏళ్ళ వయసులో 1991లో జపాన్ రెండో డివిజన్ జట్టులో చేరాడు. ఎంతోమంది పెద్ద ఆటగాళ్ళు చివర్లో డబ్బు కోసం ఎక్కడికో వెళ్ళి రెండేళ్ళు ఆడి వచ్చేస్తారు, అది తప్పని నేననను. కానీ ఈయన ఆ ఉద్యోగుల జట్టుకి ప్రొఫెషనల్‌గా ఎలా బతకాలో మొదటి నుంచి నేర్పాడు. అంకితభావం, నిజాయితీ, గౌరవం అని ఆయన చెప్పిన మూడు మాటలనే క్లబ్ ఇవాళ్టికీ తన సిద్ధాంతంగా చెప్పుకుంటుంది.

నేను ప్రభుత్వ పాఠశాలలో పీఈటీని. పోయిన సంచికలో మీరు 'జపాన్‌లో జట్టు ఊరిదే' అని రాశారు. కంపెనీ డబ్బు పెడుతుంటే జట్టు ఊరిదెలా అవుతుందండీ? మా దగ్గర ఒకాయన పిల్లల టోర్నమెంటుకి మూడేళ్ళు స్పాన్సర్ చేశాడు, నాలుగో ఏడు ఆయన మానేస్తే టోర్నమెంటే పోయింది.
(చిత్తూరు)

సార్, మీ ప్రశ్న చదివి చాలాసేపు ఆలోచించాను. నేనూ ఎండిన చెరువులో రాళ్ళు గోల్‌పోస్టులుగా పెట్టుకుని ఆడినవాణ్ణే. మా జట్టుకి బనియన్లు కొనిచ్చిన దుకాణం ఆయన వేరే ఊరికి వెళ్ళిపోయాక ఆ జట్టు మళ్ళీ దిగలేదు. నా బనియన్ వీపు మీద ఆయన దుకాణం పేరే ఉండేది, మా ఊరి పేరు ఎక్కడా లేదు.

జె.లీగ్ సరిగ్గా అక్కడే పట్టుకుంది. జట్టు పేరులో కంపెనీ పేరు ఉండకూడదు, ప్రతి జట్టుకీ సొంత ఊరు ఉండాలి అని మొదట్లోనే నియమం పెట్టింది. సుమితోమో అన్న పేరు పోయి కషిమా, జింక కొమ్ములు వచ్చాయి. ఒక్క కషిమానే కాదు, చుట్టుపక్కల ఇతాకో, కమిసు, నమెగతా, హొకొతా కూడా దాని సొంత ఊర్లే, మొత్తం ఐదు.

అయినా మీ భయం నిజమే. యొకొహామాలో ఫ్లూగెల్స్ అనే జట్టు ఉండేది. 1998లో డబ్బు పెట్టే కంపెనీల్లో ఒకటి తప్పుకుంది, వెంటనే ఆ జట్టును అదే నగరంలోని పోటీ జట్టు మారినోస్‌లో కలిపేస్తామన్నారు. అభిమానులు సంతకాలు సేకరించారు, ఎంతో బతిమాలారు, ఆగలేదు. ఆ ఆటగాళ్ళు తమ ఆఖరి మ్యాచ్‌గా 1999 జనవరి 1న ఎంపరర్స్ కప్ ఫైనల్ ఆడి గెలిచారు, కప్పు చేతిలో ఉంది, జట్టు మాత్రం ఇక లేదు. ఆ అభిమానులే మారినోస్‌కి చప్పట్లు కొట్టలేక, యొకొహామా ఎఫ్.సి. అని సొంతంగా మరో క్లబ్ పెట్టుకున్నారు.

కషిమాలోనూ యజమాని మారాడు. 2019లో, ఫోన్లో పాత వస్తువులు కొనుక్కునే అమ్ముకునే యాప్ నడిపే మెర్కారి, ఉక్కు కంపెనీ నుంచి ఎక్కువ వాటా కొనేసింది. పేరు అదే, ఎరుపు అదే, కొమ్ములు అవే, స్టేడియం అదే. అప్పటికి పాతికేళ్ళకు పైగా తండ్రులు పిల్లల్ని భుజాన ఎక్కించుకుని తీసుకొచ్చిన చోటు అది, దాన్ని మార్చాలని ఎవరికీ తోచదు. మీ టోర్నమెంటుకి నా సలహా ఒక్కటే సార్, ఈసారి స్పాన్సర్ దొరికితే ఆయన పేరు బ్యానరు మీద వేయండి, కప్పు మీద మాత్రం చిత్తూరు అని చెక్కించండి.

కషిమా వాళ్ళు స్పెయిన్ జట్టు రియల్ మాడ్రిడ్‌ని ఓడించినంత పని చేశారని మా హాస్టల్లో ఒకడు అంటాడు. నిజమేనా అన్నా?
(ఎస్.వి. యూనివర్సిటీ హాస్టల్, తిరుపతి)

నిజం. 2016 క్లబ్ వరల్డ్ కప్ ఫైనల్, డిసెంబర్ 18, యొకొహామా. ఒక ఆసియా జట్టు ఆ ఫైనల్‌కి రావడమే అది మొదటిసారి. కషిమా ఆటగాడు షిబసాకి రెండు గోల్స్ కొట్టాడు, 2-1తో ఆధిక్యంలో ఉన్నారు, మాడ్రిడ్ ఆటగాడు రొనాల్డో పెనాల్టీతో స్కోరు సమమైంది, అదనపు సమయంలో అతనే ఇంకో రెండు కొట్టడంతో 4-2తో పోయింది. సెమీఫైనల్లో ఇంకో విశేషం ఉంది, ఫిఫా టోర్నమెంట్లలో వీడియో చూసి రిఫరీ ఇచ్చిన మొట్టమొదటి పెనాల్టీ కషిమాకే దక్కింది. రెండేళ్ళకి, 2018లో, ఆసియా చాంపియన్స్ లీగ్ గెలిచారు.

బాబూ, మా అబ్బాయి కంపెనీ ట్రైనింగ్ మీద ఆర్నెల్లు జపాన్ పోతున్నాడు. ఫుట్‌బాల్ అంటే వాడికి ప్రాణం. కషిమాలో మ్యాచ్ చూడాలంటున్నాడు, ఎట్లా పోవాలో చెప్పు.
(గిరింపేట, చిత్తూరు)

అమ్మా, టోక్యో స్టేషన్ నుంచి కషిమా జింగూకి నేరుగా బస్సులున్నాయి. ముందు గుడి చూసుకోమనండి, పెద్ద పెద్ద దేవదారు చెట్ల మధ్య నడక, లోపల జింకలు కూడా ఉంటాయి. అక్కడి నుంచి రైలెక్కితే తర్వాత స్టేషనే స్టేడియం. ఆ స్టేషన్‌లో మ్యాచ్ ఉన్న రోజే రైళ్ళు ఆగుతాయి, మామూలు రోజుల్లో ఆగవు, కాబట్టి తేదీ చూసుకునే బయల్దేరమనండి. స్టేడియంలో మోత్సునీ అని పొగలు కక్కే కూర గిన్నెల్లో పోసి ఇస్తారు, చలికాలం మ్యాచ్‌కి వచ్చేవాళ్ళు దానికోసం బారులు తీరతారు. అది పేగుల కూర, ఎక్కువగా పందిది. మీ అబ్బాయి తినడంటే ముందే అడిగి తెలుసుకోమనండి. వెళ్ళేముందు ముదురు ఎరుపు చొక్కా ఒకటి సర్ది పంపండి.