అమృతం వారానికొకటే చూపించు

అమ్మలూ,

వేసవి సెలవుల్లో పిల్లలకి 'అమృతం' కామెడీ సీరియల్ మొత్తం చూపించేస్తానని మెసేజ్ పెట్టావు. ఆలోచన బాగుంది. ఆ 'మొత్తం చూపించేస్తా' అన్న ముక్కే నాకు నచ్చలేదు. 313 ఎపిసోడ్లు నెలన్నరలో లాగించాలంటే రోజుకి ఏడు చూడాలి. వారం తిరక్కుండా అమృతం పేరెత్తితే పిల్లలు పారిపోతారు.

అది వారానికోసారి చూడ్డానికి తీసిన సీరియల్. 2001 నవంబరు 18న మొదలై 2007 నవంబరు 18న ఆగింది. జెమినీ టీవీలో ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి. అప్పుడు విశాఖ స్టీల్‌ప్లాంటు వాళ్ళ ఉక్కునగరంలో, మా క్వార్టర్లో ఆదివారం ఎలా గడిచేదన్నది నా షిఫ్టుని బట్టి ఉండేది. సి షిఫ్టయితే కంచం పట్టుకుని టీవీ ముందు కూర్చుని, అయ్యీ అవగానే రాత్రి పదింటి డ్యూటీకి పరిగెత్తేవాణ్ణి. బి షిఫ్టు పడితే మాత్రం అంతే సంగతులు. పదికి దిగి ఇంటికొచ్చేసరికి మీ అత్తయ్య మంచి ఊపు మీద ఉండేది. నేను చారన్నం కలుపుకుంటుంటే ఎదురుగా నిలబడి కథ మొదలెట్టేది. అందులో ఆంజనేయులు పాత్రకొక గొంతు, అప్పాజీ పాత్రకొక గొంతు. అప్పాజీ వచ్చినప్పుడైతే గరిటె ఊపుకుంటూ అటూ ఇటూ నడిచేది కూడా. సరిగ్గా అసలు జోకు దగ్గరికొచ్చేసరికి తనకే నవ్వాగక మాట పడిపోయేది. 'ఏమైందో చెప్పి నవ్వవే' అని నేను మొత్తుకునేవాణ్ణి. ఆ ఎపిసోడ్లలో కొన్ని తర్వాత యూట్యూబులో చూశాను. మీ అత్తయ్య చెప్పినవే బాగున్నాయి. ఈ మాట తనతో అనకు, మళ్ళీ గరిటె తీస్తుంది.

కాబట్టి ఆదివారానికి ఒకటే పెట్టు. కథ రెండు భాగాలుగా ఉంటే రెండోది వచ్చే వారానికే. ఎంత బతిమాలినా సరే. ఆ మధ్య రోజుల్లో ఏమవుతుందోనని పిల్లలు తన్నుకోవాలి. ఇంకో పని చెయ్యి. సోమవారం మీ అమ్మకి ఫోన్ కలిపి, పెద్దాడి చేత కథ చెప్పించు. తెలుగు రావడం లేదని నువ్వు బెంగపడుతుంటావు కదా, అమ్మమ్మని నవ్వించాలంటే వాడే మాటలు వెతుక్కుంటాడు. రెండు ఇంగ్లీషు ముక్కలు దొర్లినా పట్టించుకోకు.

మొదటి ఎపిసోడు నుంచే మొదలెట్టాలని పట్టుబట్టకు. నీకు బాగా గుర్తున్నదేదో దాంతో మొదలెట్టు. పిల్లలకి ముందు చెప్పాల్సింది కొంచెమే. అమృతరావు, ఆంజనేయులు అని ఇద్దరు స్నేహితులు, వాళ్ళ భార్యలు సంజీవిని, శాంత, వాళ్ళు నడిపే అమృత విలాస్ హోటలు, అందులో సర్వర్ సర్వం, అద్దె కోసం వచ్చే ఇంటి ఓనరు అప్పాజీ. ఆ హోటలు సరిగ్గా నడవదు, అదే కథంతా. నెల రోజులు వరసగా గల్లాపెట్టె నిండి ఉంటే ఆ సీరియల్ అక్కడితో అయిపోయేది. అమృతరావుకి ఇడ్లీలమ్మి పైకి రావాలని ఉండదు, ఒక్క దెబ్బకి లక్షలు రావాలి. ఆ దెబ్బ తిరిగి తమకే తగులుతుందని ఆంజనేయులుకి తెలుసు. అయినా వెనకాలే వెళ్తాడు. ఊళ్ళో అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వస్తున్న రోజుల్లో మీ నాన్నా చిన్నాన్నా గాజువాకలో ఎస్టీడీ బూత్ పెట్టారు చూడు, ఆ సంగతి చెబితే చాలు, పిల్లలకి వాళ్ళిద్దరూ ఎవరో అర్థమైపోతుంది.

చూస్తున్నప్పుడు పాజ్ నొక్కి 'అంటే ఏంటంటే' అని మొదలెట్టకు. నీ సంగతి నాకు తెలుసు. వాళ్ళు నవ్వాల్సిన చోట నవ్వకపోయినా, అక్కర్లేని చోట పడీపడీ నవ్వినా వదిలెయ్. అడిగితే అయ్యాక చెప్పు. ఇన్నేళ్ళకి కొన్ని జోకులు పాతబడ్డాయి కూడా, ముఖ్యంగా భార్యల మీద వేసేవి. 'ఇందులో నవ్వేముంది' అని చిన్నది అడిగిందనుకో, ఆ కాలం అలాంటిదమ్మా అని వెనకేసుకు రాకు. ఇది బాగాలేదులే అని ఒప్పేసుకో.

టైటిల్ సాంగ్ మాత్రం స్కిప్ చెయ్యనివ్వకు. రాసింది సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు, మన అనకాపల్లిలో పెరిగిన మనిషి. బాణీ కట్టింది కల్యాణి మాలిక్. కష్టాన్ని పట్టుకుని వేలాడకు, నవ్వు కూడా ఎక్కడో ఉంటుంది వెతుక్కో అని స్నేహితుడికి చెప్పినట్టు ఉంటుంది. పక్క ఛానెళ్ళలో కన్నీళ్ళు కారుతున్న రోజుల్లో గున్నం గంగరాజు గారు ఇలాంటిది తీసి ఆరేళ్ళు నడపడం మామూలు విషయం కాదు.

ఒకటి ముందే చెప్పి పెట్టుకో, లేకపోతే పిల్లలు కంగారు పడతారు. అమృతం, అదే అమృతరావు, వేసే నటుడు మధ్యలో మారిపోతాడు. ముందు శివాజీ రాజా, తర్వాత నరేష్, ఆఖరికి హర్షవర్ధన్. ఎవరు బాగా చేశారన్న పంచాయితీ మా క్వార్టర్ల దగ్గర ఏనాడూ తెగలేదు. సి షిఫ్టు బస్సులో కూడా అదే గొడవ. నన్నడిగితే, ముగ్గురు మారినా కథ చెక్కుచెదరకపోవడానికి కారణం గుండు హనుమంతరావు గారు. ఆంజనేయులు మారలేదు కదా. ఆయన పక్కన నిలబడి ఎవరు తిట్లు తింటే వాళ్ళే అమృతం. ఆ జాలి మొహం, ఎదుటివాడి ప్లాను సాంతం విని ఒక్క క్షణం ఆగి చూసే చూపు, అది పిల్లలకి కూడా ఇట్టే అందుతుంది. 2018 ఫిబ్రవరిలో ఆయన పోయారు. 2020లో జీ5లో 'అమృతం ద్వితీయం' వచ్చినప్పుడు ఆ పాత్ర ఎల్‌బీ శ్రీరామ్ గారు వేశారు. ఆయన చెయ్యి తిరిగిన నటుడే, అందులో మాటే లేదు. అయినా దాన్ని ఇప్పుడే ముట్టుకోవద్దు. పాతది పిల్లల నోట నానాక చూపించు, అప్పుడు పోల్చుకుని కొట్టుకోనీ.

ఫోన్లో చూడొద్దు, టీవీకి కలుపు. అందరూ ఒక్క గదిలోనే కూర్చోండి. చూస్తూ తినడానికి చిప్స్ ప్యాకెట్లు కొనకు. సాయంత్రం బీచికి వెళ్తే వచ్చేటప్పుడు మురీ మిక్చర్ కట్టించుకు రా. ఉల్లిపాయ, నిమ్మకాయ విడిగా ఇమ్మను, లేకపోతే మధురవాడ చేరేసరికి మెత్తబడిపోతుంది.

వచ్చే ఆదివారం మేమిద్దరం కూర్మన్నపాలెం నుంచి ఆరింటికల్లా బయల్దేరి వస్తాం. భోజనం అక్కడే, మీ అత్తయ్య పులిహోర తెస్తానంటోంది. ఆ రాత్రి క్రికెట్ మ్యాచ్ ఏదైనా ఉందేమో చూసుకుని, ఉంటే మీ ఆయనతో రాజీ నువ్వే కుదుర్చుకో. నన్ను మధ్యలోకి లాగకు.

ఆశీస్సులతో,
మామయ్య